చదువు ఆపేసి పోటీ క్లైంబింగ్‌నే వృత్తిగా తీసుకోవచ్చా?

ప్రశ్న: నేను 19 ఏళ్ల అమ్మాయిని. పదకొండో ఏట నుంచి క్లైంబింగ్ చేస్తున్నాను. జూనియర్ విభాగంలో ఇదే నా ఆఖరి సంవత్సరం. జాతీయ పోటీల్లో బౌల్డరింగ్ (తాడు లేకుండా పొట్టి గోడలు ఎక్కే విభాగం) ఫైనల్‌కు రెండుసార్లు చేరాను గానీ పతకం రాలేదు. తాడుతో ఎత్తైన గోడ ఎక్కే లీడ్‌లో ఎప్పుడూ సెమీఫైనల్ దాటలేదు. బయట రాతి మీద మాత్రం మా జట్టులో నా వయసువాళ్లెవరూ ఎక్కలేనివి ఎక్కాను. డిగ్రీ రెండో ఏడాదితో ఆపేసి పూర్తికాలం సాధన చేస్తే 2028 ఒలింపిక్స్ అర్హతకు గట్టిగా ప్రయత్నించవచ్చని కోచ్ గారు అంటున్నారు. పట్టా చేతికి వచ్చాక ఏ గోడ ఎక్కినా అభ్యంతరం లేదని నాన్న అంటున్నారు. మూడు కిలోలు తగ్గితే తేడా నీకే తెలుస్తుందని జట్టులోని సీనియర్ ఒకరు చెప్పారు. ఒక బూట్ల కంపెనీ ఉచితంగా షూస్ ఇస్తామని ఒప్పంద పత్రం పంపింది. ఇవన్నీ ఇలా ఉండగా రెండు నెలలుగా ఎడమ చేతి ఉంగరపు వేలు మొదట్లో, అరచేతి వైపు, నొక్కితే నొప్పి పుడుతోంది. ఆరు వారాల్లో సెలక్షన్ పోటీ ఉంది. నేను ఏం చేయాలి?

జవాబు: మీరు అడిగినవి ఐదు సంగతులైనా అవన్నీ ఒకే ముడి దగ్గర చిక్కుకుని ఉన్నాయి. మీ కోచ్ గారూ, మీ నాన్నగారూ వాదించుకుంటున్నది మీ రోజులోని గంటల గురించి: ఆ గంటలు కాలేజీకి పోవాలా, గోడకు పోవాలా అని. నా ఉద్దేశంలో ఈ వృత్తిలో కొరత గంటలకు కాదు. వేళ్లు ఓర్చుకోగల శ్రమకూ, మునుపెన్నడూ చూడని గోడ ముందు నిలబడే అవకాశాలకూ కొరత. ఈ మాట ఒప్పుకుంటే, డిగ్రీ మానేయడం వల్ల మీరు అనుకుంటున్నంత లాభం రాదనీ, అలాగని పట్టా వచ్చేదాకా పోటీలను పక్కన పెట్టడమూ కుదరదనీ మీకే తేలుతుంది. క్లైంబింగ్‌ను వృత్తిగా తీసుకోవాలన్న మీ కోరికను నేను కాదనడం లేదు. దాన్ని ఏ విధంగా మొదలుపెట్టాలన్న దగ్గరే మీ కోచ్ గారితో నాకు భేదాభిప్రాయం.

ముందు శ్రమ సంగతి చూద్దాం. వేళ్లను మడిచే కండరాలలో ముఖ్యమైనవి ముంజేతిలో ఉంటాయి. వాటి నుంచి వేళ్లలోకి వచ్చే టెండన్లు ఎముకను అంటిపెట్టుకుని ఉండేలా పుల్లీలు అనే చిన్న పట్టీలు వాటిని కట్టి ఉంచుతాయి. సన్నని అంచును క్రింప్ చేసినప్పుడు, అంటే వేలి మధ్య కణుపును బాగా మడిచి పట్టుకున్నప్పుడు, ఆ పట్టీల మీద పడే ఒత్తిడి చాలా ఎక్కువ. సాధన పెంచితే కండరం కొన్ని వారాల్లోనే బలపడుతుంది. టెండన్లూ పుల్లీలూ గట్టిపడటానికి నెలలు చాలవు, ఏళ్లు పడుతుంది. అందువల్ల ఉన్నట్టుండి చదువు వదిలి రోజంతా గోడ దగ్గరే గడపడం మొదలుపెట్టినవారిలో కండరం ముందుకు పోతుంది, పట్టీ వెనకబడుతుంది, ఆ తేడాలోనే పట్టీ తెగుతుంది. పూర్తికాలపు క్రీడాకారులు కూడా గట్టి ప్రాబ్లమ్‌ల మీద, అంటే బౌల్డరింగ్‌లో ఎక్కాల్సిన చిన్న దారుల మీద, గడిపే సమయం బయటివారు ఊహించే దానికన్నా చాలా తక్కువ. మిగిలిన రోజంతా భుజాల బలానికీ, తుంటి కీళ్ల వంపుకూ, ఫిజియో దగ్గరికీ, వీడియోలు చూడటానికీ, ముఖ్యంగా విశ్రాంతికీ పోతుంది. చేతి చర్మం పలచబడితే ఆ విశ్రాంతి మరో రోజు పెరుగుతుంది. కాలేజీకి వెళ్లే రోజుల్లో మీరు ఇప్పుడు చేస్తున్న సాధన మీ వేళ్లకు చాలినంత ఉందో లేదో ముందు తేల్చుకోండి. రెండు నెలలుగా ఒక వేలు నొప్పిగా ఉందంటే, చాలకపోవడం మాట అటుంచి, ఎక్కువే అవుతోందని నాకు అనిపిస్తోంది.

ఇక రెండో కొరత గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ భవిష్యత్తు అక్కడే ఉంది. మీరు రాతి మీద కష్టమైనవి ఎక్కాననీ, పోటీల్లో మాత్రం ఫైనల్ దగ్గరే ఆగిపోతున్నాననీ రాశారు. ఈ రెండూ ఒకే ఆటలోని రెండు మెట్లు అని మీరు భావిస్తున్నట్టుంది. ఒకప్పుడు అలాగే ఉండేది. 1985లో ఇటలీలోని బార్డొనెక్కియా దగ్గర జరిగిన మొదటి పెద్ద పోటీ సహజమైన కొండరాతి మీదే జరిగింది. ఆ తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే పోటీలు కృత్రిమ గోడల మీదికి మారాయి, అప్పటి నుంచి రెండు దారులూ విడిపోతూ వచ్చాయి. రాతి మీద మీరు ఒక ప్రాబ్లమ్‌ను వారాల తరబడి, అవసరమైతే మరుసటి శీతకాలం దాకా ప్రయత్నించవచ్చు. చలి చూసుకోవచ్చు, చర్మం చూసుకోవచ్చు. పోటీలో రూట్ సెట్టర్లు (పట్టులు బిగించి ఎక్కే దారిని రూపొందించేవారు) కట్టిన ఆ గోడను మీరు ముందు చూసి ఉండరు, మీ తోటివారు ఎక్కుతుండగా చూడకుండా ఐసొలేషన్‌లో కూర్చోబెడతారు. ఫైనల్‌లో నాలుగు ప్రాబ్లమ్‌లు, ఒక్కొక్కదానికి నాలుగు నిమిషాలు. 2017లో నార్వేలోని ఫ్లాటాంగర్‌లో ప్రపంచంలోనే మొదటి 9సి గ్రేడు రూట్‌ను, అంటే అప్పటిదాకా ఎవరూ అందుకోని కష్టస్థాయిని, ఎక్కిన ఆడమ్ ఓండ్రా టోక్యో ఒలింపిక్స్‌లో ఆరో స్థానంలో ముగించాడు. ఆ పోటీలో ఎవరు వేగంగా ఎక్కుతారో చూసే స్పీడ్‌ను కూడా కలపడం అందుకు కొంత కారణమేననుకోండి. అయినా రాతి మీది గ్రేడు చూపించి గోడ మీద పతకం అడగలేమన్న సంగతికి అంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

ఆ నాలుగు నిమిషాలను దగ్గరగా చూడండి. గడియారం మొదలవుతుంది. మీరు షూస్ అడుగు తుడుచుకుని, గోడకు ఎదురుగా తిరుగుతారు. గోడకు బిగించిన ఒక పెద్ద వాల్యూమ్ (ఉబ్బెత్తు దిమ్మ), దాని మీద పరుగెత్తి ఎగరాల్సిన దూరం, అవతల రెండు చేతులతో ఆపుకోవాల్సిన గుండ్రని పట్టు. మొదటి ప్రయత్నంలో చెయ్యి తగులుతుంది గానీ శరీరం ఊగి మ్యాట్ మీద పడతారు. ఇక్కడే చాలామంది యువ క్రీడాకారులు వెంటనే లేచి, అదే అడుగుతో, అదే వేగంతో మళ్లీ ఎగురుతారు. మూడోసారి కూడా అంతే. రెండు నిమిషాలు పోయాక, ఆయాసంతో, అప్పుడు ఆలోచించడం మొదలుపెడతారు. అనుభవం ఉన్నవారు పడిన వెంటనే గోడ నుంచి నాలుగడుగులు వెనక్కి వచ్చి, మొదటి అడుగు ఎత్తు మార్చాలా, ఎగిరేటప్పుడు చూపు ఎడమ చేతి మీద ఉండాలా కుడి చేతి మీద ఉండాలా అని ఒక్క సంగతి మాత్రమే మార్చి మళ్లీ వెళతారు. ఇప్పటి లెక్కింపులో టాప్‌కు (చివరి పట్టు అందుకుంటే) 25 పాయింట్లు, జోన్‌కు (మధ్యలో గుర్తు పెట్టిన పట్టు అందుకుంటే) 10 పాయింట్లు, టాప్‌కు ముందు విఫలమైన ప్రతి ప్రయత్నానికీ తగ్గేది 0.1 మాత్రమే. కాబట్టి ప్రయత్నం చవక, నిమిషం ఖరీదు. మీ ఫైనల్స్ వీడియోలు మీ దగ్గర ఉంటే, పడిన తర్వాత మళ్లీ గోడను తాకేదాకా ఎన్ని సెకన్లు తీసుకున్నారో, రెండో ప్రయత్నంలో మొదటిదానికన్నా ఏం మార్చారో రాసుకోండి. మీకు పతకం ఎందుకు రాలేదో నాకన్నా ఆ కాగితమే నిక్కచ్చిగా చెబుతుంది.

ఈ నైపుణ్యం అలవాటైన గోడ మీద రోజంతా ఉన్నంత మాత్రాన పెరగదు. మీరు వెళ్లే జిమ్‌లో సెట్టర్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్ల ఆలోచన మీకు ఏడాది కిందటే తెలిసిపోయి ఉంటుంది. కొత్త సెట్టర్ కట్టిన ప్రాబ్లమ్‌ను, ఎవరూ ఏమీ చెప్పకుండా, గడియారం పెట్టుకుని ఎక్కడమే అసలు సాధన. వారానికి ఒక్కసారైనా వేరే జిమ్‌కు వెళ్లి నాలుగు ప్రాబ్లమ్‌లు, నాలుగేసి నిమిషాలు, మధ్యలో విరామం పెట్టుకుని పోటీలాగే చేయండి. మీ జట్టులోని వారు ఒకరికొకరు ప్రాబ్లమ్‌లు కట్టుకోండి. మీకు బాగా వచ్చిన క్రింప్‌లు కాకుండా, మీకు గిట్టని స్లాబ్‌లూ (వెనక్కి వాలిన గోడలు), పరుగెత్తి ఎగరాల్సిన కోఆర్డినేషన్‌లూ మీ చేత ఎక్కించమని వాళ్లను అడగండి. రాతి మీద పెరిగినవారికి ఈ రెండే ఎక్కువగా కష్టమవుతాయి. వీటిలో వేళ్ల మీద భారం కొంత తక్కువ గనుక మీకు ఇప్పుడు ఒక విధంగా కలిసివచ్చే పని కూడా.

ఒక సంగతి ముందే చెప్పి ఉంచడం నా బాధ్యత. ఎంత సాధన చేసినా, సెట్టర్ నిర్ణయం అనేది ఒకటి ఎప్పుడూ మీ చేతిలో ఉండదు. పారిస్ ఒలింపిక్స్ మహిళల ఫైనల్‌లో జపాన్‌కు చెందిన ఐ మోరీ మొదటి బౌల్డర్ ఆరంభపు పట్టును ఎగిరి అందుకోలేక, ఆ ప్రాబ్లమ్‌లో ఒక్క పాయింటు కూడా లేకుండా వెనుదిరగాల్సి వచ్చింది. ఆమె ఎత్తు 154 సెంటీమీటర్లు. అదే ఫైనల్‌లోని లీడ్‌లో అందరికన్నా ఎక్కువ పాయింట్లు ఆమెవే, అయినా చివరకు దక్కింది నాలుగో స్థానం. ఆ ప్రాబ్లమ్ న్యాయమైనదేనా అని క్లైంబర్ల మధ్య పెద్ద చర్చే జరిగింది. నా అభిప్రాయం అడిగితే, పొట్టివారికి అందనిదీ పొడుగువారికి ఇరుకైనదీ రెండూ ఒకే రౌండ్‌లో ఉంటే అది సమతూకం అవుతుంది గానీ, ఆరంభపు పట్టే అందకపోవడం సమతూకం కాదు. కానీ ఆ రోజు నా అభిప్రాయం వల్ల ఆమెకు ఒరిగేది ఏమీ లేదు. ఏడాదికి కొన్ని రోజుల పోటీల మీద, అందులోనూ ఎవరో కట్టిన కొన్ని ప్రాబ్లమ్‌ల మీద జీవనాన్ని నిలబెట్టుకునే వృత్తి ఇది. ఆ అనిశ్చితిని భరించగలనా అన్న ప్రశ్నకు మీరు మీకే జవాబు చెప్పుకోవాలి.

బౌల్డరింగా, లీడా అన్నది మీరు అడగలేదు, కానీ అడగాల్సింది. టోక్యోలో స్పీడ్, బౌల్డర్, లీడ్ మూడూ కలిపి ఒకే పతకం ఇచ్చారు. పారిస్‌లో స్పీడ్‌ను విడదీసి, బౌల్డర్, లీడ్ కలిపి ఒక పతకం ఉంచారు. అందువల్లనే అక్కడ టోబీ రాబర్ట్స్ బౌల్డర్‌లో గానీ లీడ్‌లో గానీ మొదటి స్థానం లేకుండానే, రెంటిలోనూ నిలకడగా ఎక్కి 19 ఏళ్లకే స్వర్ణం గెలుచుకోగలిగాడు. 2028లో లాస్ ఏంజెలెస్‌లో మూడు విభాగాలకూ మూడు వేర్వేరు పతకాలు. అంటే లీడ్‌లో సెమీఫైనల్ దాటని మీరు ఇక దాని కోసం మీ సంవత్సరాన్ని రెండు ముక్కలు చేసుకోవాల్సిన పని లేదు. 2023లో సొరాటో అన్రాకు అనే పదహారేళ్ల జపాన్ కుర్రాడు ఒకే సీజన్‌లో బౌల్డర్, లీడ్ రెంటి వరల్డ్ కప్ టైటిళ్లూ గెలిచిన మాట నిజమే. అలాంటివారిని చూసి రెండూ చేయాలనుకోవడం సహజం. అయినా మీకు నేను బౌల్డరింగ్ ఒక్కదాన్నే ఎంచుకోమంటాను. లీడ్‌ను ఓర్పు కోసం, సీజన్ లేని నెలల్లో, సరదాగా ఉంచుకోండి.

ఇక డబ్బు. ఈ మాట మీ కోచ్ గారు ఎత్తలేదని మీ ఉత్తరాన్ని బట్టి అర్థమవుతోంది. వరల్డ్ కప్‌లలో బహుమతి డబ్బు ముందు వరుసలో నిలిచిన కొద్దిమందికే వస్తుంది, దాని మీదనే బతికేవారు ఈ క్రీడలో చాలా అరుదు. మిగిలినవారి జీవనం నాలుగైదు చోట్ల నుంచి వచ్చే చిన్న చిన్న మొత్తాలతో సాగుతుంది: జాతీయ సమాఖ్య ప్రయాణ ఖర్చులు, పరికరాల కంపెనీల ఒప్పందాలు, పిల్లలకు కోచింగ్, రూట్ సెట్టింగ్, జిమ్‌లో ఉద్యోగం, వీడియోలు. ఇటలీ, ఆస్ట్రియా వంటి దేశాల్లో కొందరు క్రీడాకారులకు సైన్యం, పోలీసు విభాగాల క్రీడా జట్లలో జీతం దొరుకుతుంది. జపాన్‌లో కొందరిని కార్పొరేట్ సంస్థలు తమ క్రీడాకారులుగా పోషిస్తాయి. అలాంటి వెసులుబాటు లేనివారు జాతీయ జట్టులో స్థానం సంపాదించాక కూడా సీజన్‌లో సగం పోటీలకు సొంత డబ్బుతో వెళ్లడం మామూలే. అందుకని మొదటి రెండు మూడేళ్ల ప్రయాణాలకూ, కోచింగ్‌కూ, ఫిజియోకూ ఏడాదికి ఎంత అవుతుందో, అది ఎక్కడి నుంచి వస్తుందో మీరూ మీ నాన్నగారూ కూర్చుని ఒక కాగితం మీద రాయండి. ఆయన భయం క్లైంబింగ్ అంటే కాకపోవచ్చు. ఆ కాగితం ఇంతవరకూ ఎవరూ ఆయన ముందు పెట్టకపోవడమే కావచ్చు.

ఆ పనుల్లో రూట్ సెట్టింగ్‌ను మీరు ఇప్పుడే నేర్చుకోవడం మొదలుపెట్టండి. నేను సెట్టింగ్ చేసినవాణ్ని గనుక నాకు కొంత పక్షపాతం ఉందనుకున్నా ఫరవాలేదు. పట్టును ఒక చెయ్యి పక్కకు జరిపితే కదలిక ఎలా మారుతుందో, క్రీడాకారిణిని తప్పు దారి పట్టించడానికి సెట్టర్ ఎక్కడ ఎర వేస్తాడో, జోన్‌ను ఎందుకు అక్కడే పెడతాడో స్క్రూ బిగించిన చేతికి తెలిసినంతగా ఎక్కిన చేతికి తెలియదు. దానికి డబ్బులు కూడా ఇస్తారు. అయితే నిచ్చెన మీద డ్రిల్ పట్టుకుని, బరువైన వాల్యూమ్‌లు మోస్తూ గంటల తరబడి చేసే పని అది. భుజాలను బాగా అలసిపోయేలా చేస్తుంది. పోటీలకు ముందు వారాల్లో దాన్ని ముట్టుకోకండి.

చదువు సంగతికి వస్తాను. ఈ వృత్తి కాలపరిమితి గురించి రెండు ఉదాహరణలు చూడండి. అకియో నొగుచి నాలుగుసార్లు బౌల్డరింగ్ వరల్డ్ కప్ టైటిల్ గెలిచి, టోక్యోలో కాంస్యంతో 32 ఏళ్లకు పోటీల నుంచి విరమించుకుంది. యాకోబ్ షూబెర్ట్ 33 ఏళ్లకు పారిస్‌లో కాంస్యం గెలిచాడు. వీళ్లు ఎక్కువకాలం నిలిచినవాళ్లు. వీళ్లు తప్ప, ఇరవైల మధ్యలోనే గాయాలతోనో డబ్బు చాలకనో ఆగిపోయినవారి పేర్లు ఎవరికీ గుర్తుండవు. ఏ లెక్కన చూసినా పోటీలు ముగిశాక మీకు ముప్పై ఏళ్ల ఉద్యోగ జీవితం మిగిలే ఉంటుంది. మరోవైపు బ్రూక్ రాబుటూ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూనే టోక్యో ఒలింపిక్స్‌లో పోటీ పడింది, ఆ తర్వాత పారిస్‌లో రజతం గెలిచింది. ఆమె తల్లిదండ్రులిద్దరూ ప్రపంచ స్థాయి క్లైంబర్లు, ఆమెకు ఇంట్లోనే దొరికిన మార్గదర్శనం అందరికీ దొరకదు. కనుక ఆమెను చూపించి మీరూ అలాగే చేయగలరని అనడం లేదు. చదువూ, పై స్థాయి పోటీలూ ఒకదానికొకటి శత్రువులు కావని మాత్రమే అంటున్నాను.

నిజమైన చిక్కు గంటలతో కాదు, క్యాలెండర్‌తో వస్తుంది. అంతర్జాతీయ బౌల్డరింగ్ సీజన్ సాధారణంగా ఏప్రిల్ ప్రాంతంలో మొదలవుతుంది. అప్పుడే చాలా చోట్ల పరీక్షలూ ఉంటాయి. ఒక వారం ప్రయాణం, రెండు రోజులు పోటీ, మళ్లీ ప్రయాణం; ఆ నెలల్లో తరగతికి హాజరవడం ఎవరి వల్లా కాదు. అందుకని చదువు మానేయకండి, దాని వేగం తగ్గించండి. ఏడాదికి సగం పేపర్లు రాయడం, దూరవిద్యకు మారడం, ఒక సెమిస్టర్ సెలవు తీసుకుని తిరిగి చేరడం, వీటిలో మీ కాలేజీ దేనికి ఒప్పుకుంటుందో ఈ నెలలోనే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. డిగ్రీ మూడేళ్లకు బదులు ఐదేళ్లు పట్టినా నష్టం లేదు. మీ నాన్నగారికి కావలసింది పట్టా, ఫలానా తేదీకే పట్టా కాదు కదా.

దీనికి రెండు సీజన్ల గడువు పెట్టుకోండి. గడువు అంటే కేవలం ఫలితాల గడువు కాదు. మొదటి సీజన్ ముగిసేసరికి సీనియర్ విభాగంలో జాతీయ సెమీఫైనల్స్‌కు క్రమం తప్పకుండా చేరుతున్నారా, ఫైనల్స్‌లో టాప్‌లు మొదటి రెండు ప్రయత్నాల్లో ఎన్ని వస్తున్నాయి, మూడు నెలలపాటు ఏ గాయమూ లేకుండా సాధన చేయగలిగారా అని చూసుకోండి. రెండో సీజన్‌లో ఒకటి రెండు అంతర్జాతీయ పోటీల అనుభవం ఉండాలి. అక్కడ క్వాలిఫికేషన్‌లోనే ఆగిపోయినా సిగ్గుపడాల్సింది లేదు, చాలామంది మొదట అక్కడే ఆగుతారు. కానీ ఆ రెండేళ్లలో ప్రతి పోటీ తర్వాత మీకు మళ్లీ జిమ్‌కు వెళ్లి ఆ ప్రాబ్లమ్‌ను విప్పుకోవాలనిపిస్తోందా, లేక ఫలితాల పట్టిక మాత్రమే కళ్ల ముందు తిరుగుతోందా అన్నది కూడా గమనించండి. రెండోదే అయితే రాతి మీది క్లైంబింగ్ మీకోసం ఎప్పుడూ అక్కడే ఉంటుంది, దానికి ఏ సమాఖ్య సెలక్షనూ అక్కర్లేదు. 2028ను నేను మీ గడువులో చేర్చలేదు. అర్హత స్థానాలు తక్కువ, ఒక్కో దేశానికి పరిమితి ఉంటుంది, ఇంకా జాతీయ పతకమే రానివారు ఆ తేదీకి తమ జీవితాన్ని కట్టేసుకోవడం మంచిది కాదు.

మూడు కిలోల మాట దగ్గర నేను కొంచెం కఠినంగానే మాట్లాడతాను. ఆ సీనియర్ మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉండవచ్చు, ఆ మాట తాను కూడా ఎవరి దగ్గరో విని ఉంటారు. బరువు తగ్గితే వేలి మీద భారం తగ్గుతుంది, అందుకే కొద్ది వారాలు నిజంగానే తేలిగ్గా ఎక్కినట్టు అనిపిస్తుంది. ఆ తేలికే వల. చేస్తున్న సాధనకు సరిపడా తినకపోతే శరీరం ముందుగా ఆపేసేది తనకు తక్షణం అవసరం లేదనుకున్న పనులను: నెలసరి క్రమం తప్పుతుంది లేదా ఆగిపోతుంది, ఎముకల సాంద్రత తగ్గుతుంది, చిన్న గాయం మానడానికి పట్టే కాలం పెరుగుతుంది, నిద్ర చెడుతుంది, చిరాకు పెరుగుతుంది. క్రీడల్లో ఈ శక్తి లోటును రెడ్స్ అని పిలుస్తారు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు ఈ పేరుతో దాన్ని వివరించారు. క్లైంబింగ్‌లో ఇది ఎంత పాతుకుపోయిందంటే, 2023లో ప్రపంచంలోనే మేటి అయిన యాన్యా గార్న్‌బ్రెట్ బహిరంగంగా దీని గురించి మాట్లాడింది. అంతర్జాతీయ సమాఖ్య 2024లో దీనిపై కొత్త విధానం తీసుకురావాల్సి వచ్చింది.

మీకు వర్తించే సంగతి ఇంకా సూటిగా చెబుతాను. ఇప్పటికే మానని వేలు ఉన్న మనిషి తిండి తగ్గించడం అంటే మరమ్మతు జరుగుతున్న ఇంటికి ఇటుకలు పంపడం ఆపేసినట్టే. మీ నెలసరి సక్రమంగా ఉందా, ఈ ఏడాదిలో ఎప్పుడైనా మూడు నెలలు ఆగిందా అన్నది మీరు ఉత్తరంలో రాయలేదు, నాకు రాయాల్సిన పని కూడా లేదు. కానీ ఆగి ఉంటే, దాన్ని కఠోర సాధనకు గుర్తుగా భావించకుండా వెంటనే వైద్యురాలిని కలవండి. మీ జట్టులో ఎవరి ముందూ బరువు చూసుకోవద్దు, ఎవరైనా ఆ మాట ఎత్తితే మీ కోచ్ గారికి చెప్పండి. ఆయన కూడా దాన్నే సమర్థిస్తే, అప్పుడు చదువు కన్నా ముందు కోచ్‌ను మార్చుకోవడం గురించి ఆలోచించాల్సి ఉంటుంది.

బూట్ల కంపెనీ పత్రం గురించి ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. ఉచిత షూస్ మంచివే, మీ ఖర్చులో కొంత తగ్గుతుంది. అది జీతం కాదన్న గుర్తు ఉంటే చాలు. సంతకం పెట్టేముందు మూడు సంగతులు చూడండి: ఎంతకాలం ఇతర కంపెనీల షూస్ వేసుకోకూడదని ఉంది, నెలకు ఎన్ని ఫోటోలూ వీడియోలూ ఇవ్వాలని ఉంది, మీరు గాయపడి పోటీలకు దూరమైతే ఏమవుతుంది. షూస్ మీ పాదానికి సరిగ్గా సరిపోకపోతే మాత్రం ఎంత ఉచితమైనా వద్దు. స్లాబ్ మీద చిటికెన వేలంత అంచు మీద నిలబడాల్సినప్పుడు కంపెనీ పేరు ఆదుకోదు.

చివరిగా వేలు, సెలక్షన్. ఉంగరపు వేలి మొదట్లో, అరచేతి వైపు, నొక్కితే నొప్పి అన్నారు. మీరు ఏ శబ్దమూ విన్నట్టు రాయలేదు గనుక పుల్లీ పూర్తిగా తెగి ఉండకపోవచ్చు. కొంత చిరిగి ఉండవచ్చు, టెండన్ పొర వాచి ఉండవచ్చు. ఉత్తరం చదివి ఇది తేల్చగలిగేవారు ఎవరూ లేరు. చేతి వైద్య నిపుణుల దగ్గర అల్ట్రాసౌండ్ తీయించుకోండి, వేలిని మడిచి బలం పెట్టినప్పుడు టెండన్ ఎముక నుంచి ఎంత దూరం జరుగుతోందో అందులో కనబడుతుంది. అందాకా క్రింప్ పూర్తిగా ఆపండి, వేళ్ల బలం కోసం వేలాడే హ్యాంగ్‌బోర్డ్, క్యాంపస్ బోర్డు ముట్టుకోకండి. టేపు చుట్టుకుని నొప్పి తెలియకుండా ఎక్కడం చికిత్స కాదు. నొప్పి లేకుండా చేయగలిగితే, వైద్యులు ఒప్పుకుంటే, పెద్ద పట్టుల మీద, స్లాబ్‌ల మీద పని చేయవచ్చు. పైన చెప్పిన బలహీనతలు సరిదిద్దుకోవడానికి ఇదే సమయం.

సెలక్షన్ పోటీకి ఇంకా ఆరు వారాలు ఉంది. స్కాన్‌లో చిరుగు ఏమీ లేదనీ, నాలుగో వారానికి నొప్పి పూర్తిగా పోయిందనీ తేలితే వెళ్లండి, కానీ పతకం కోసం కాకుండా, పడిన తర్వాత ఎన్ని సెకన్లు ఆగుతున్నానని మాత్రమే చూసుకోవడానికి. చిరుగు ఉందంటే ఈసారి వదిలేయండి. జూనియర్‌గా ఇదే ఆఖరి సెలక్షన్ అన్న దిగులు వద్దు. సీనియర్ సెలక్షన్ వచ్చే ఏడాదీ ఉంటుంది, ఆ తర్వాతా ఉంటుంది, అక్కడ జూనియర్ పతకాల జాబితా ఎవరూ అడగరు. మీ కోచ్ గారికి ఈ సంగతి ఫోన్‌లో కాకుండా స్కాన్ రిపోర్టు చేతిలో పెట్టి, వీలైతే మీ నాన్నగారిని కూడా పక్కన ఉంచుకుని చెప్పండి. చదువు గురించి మీరు కాలేజీ నుంచి తెచ్చుకున్న జవాబు, ఖర్చుల కాగితం కూడా అప్పుడే వాళ్లిద్దరి ముందూ పెట్టండి.